బావిలోకి దిగే చెయ్యి

ఆదివారం తరగతి మధ్యలో ఫోను మోగింది. తెర మీద ‘హచ్చొళ్ళి అక్క’ అని కనపడింది. ఆమె ఆ వేళకు నాకు ఫోను చెయ్యదు. ఆ వేళకు ఆమె నా ఎదురుగా, కిటికీ పక్క బెంచీ మీదే ఉండాలి. బస్సు తప్పిందని చెప్పడానికేమో అనుకుని ఎత్తాను. గొంతు ఆమెది కాదు, ఆమె కూతురిది.

“సార్, అమ్మ పోయింది.”

“యాడికి పోయిందమ్మా?” అన్నాను.

అవతల ఆ పిల్ల ఏడుపు అందుకుంది. అప్పుడు అర్థమైంది నాకు. ఏడుపు మధ్యలోనే చెప్పింది. “పొద్దున కల్లం కాడ నిలబడే ఉండె సార్. స్వల్ప కూర్చుంటా అనె. కూర్చున్న మనిషి మళ్ళా లేయలే. డాక్టరు గుండె అన్యాడు.”

ఫోను బల్ల మీద పెట్టి పిల్లలకు చెప్పాను. ఎవరో నడవమని వదిలిన చిన్న చక్రాల బండి ఒకటి నేల మీద పోయి గోడకు కొట్టుకుంది, వెనక్కి వచ్చింది, మళ్ళీ పోయి కొట్టుకుంది. దాన్ని ఆపాలని ఒక్కరికీ తోచలేదు. ఆమెకు నలభై అయిదు దాటి ఉండవు. వారం కిందట ఇదే గదిలో, ఇనప చెయ్యి ఒకటి గోనెసంచిలో చుట్టుకుని, బస్సులో అది ఎవరికీ గుచ్చుకోకుండా ఎలా పట్టుకోవాలా అని మాతో చర్చించి వెళ్ళింది.

నా తరగతి బళ్ళారిలో జీన్స్ ప్యాంట్లు కుట్టే ఒక యూనిట్ పై అంతస్తులో జరుగుతుంది. కింద మిషన్లు నడుస్తున్నంతసేపూ మా నేల సన్నగా అదురుతూనే ఉంటుంది. నేను డిప్లొమా చదివినవాణ్ణి. కొంతకాలం సండూరు గనుల వైపు మోటార్లు, ప్యానెళ్ళు చూసుకునే పని చేసి, ఊరికి తిరిగి వచ్చి ఇది పెట్టుకున్నాను. పేరుకు రోబోటిక్స్. చేసేదల్లా చిన్న బోర్డుకు చక్రాలు తగిలించి, అది మనం చెప్పినట్టు నడిచేలా కంప్యూటరులో నాలుగు వాక్యాలు రాయడం నేర్పించడమే. వచ్చేవాళ్ళంతా హైస్కూలు పిల్లలు, కాలేజీ పిల్లలు. వాళ్ళలోకి ఒక ఆదివారం ఈమె వచ్చి కూర్చుంది. చేతిలో బట్టసంచి, కాళ్ళకు పొలానికి వేసుకునే చెప్పులు. ఎవరో పిల్లవాడి తల్లి అనుకున్నాను.

మొదటిరోజు ఎందుకు చేరారో ఒక్కొక్కరినీ చెప్పమంటాను. ఒకడు ఉద్యోగానికన్నాడు. ఒక అమ్మాయి స్కూలు ఎగ్జిబిషనుకంది. ఇంజనీరింగు చదివే రేష్మా, కాలేజీలో చెప్పింది తలకెక్కలేదని నిజం చెప్పేసింది. అందరూ నవ్వారు. తర్వాత ఈమె వంతు వచ్చింది. లేచి నిలబడింది.

“మాది హచ్చొళ్ళి సార్. మా ఇంటాయన బావిలో మోటరు చూద్దామని దిగి పోయినాడు. ఆయప్పను పట్టుకొని వద్దామని నా తమ్ముడు దిగినాడు, వాడూ పోయినాడు. లోపల గాలి ల్యా. మనిషి కంటే ముందర ఒక మిషను దిగింటే వాళ్ళు ఉండేవాళ్ళు గదా. అది చేసేది నేర్చుకుందామని వచ్చినా.”

బస్సు ఎన్ని గంటలకో చెప్పినట్టు చెప్పి కూర్చుంది. ఆమె తర్వాత చెప్పాల్సిన కుర్రాడు లేచాడు కానీ మాట రాలేదు. వాడి మొహం చూసి, “నువ్వు చెప్పు నాయనా, నీది కూడా వింటాం” అంది ఆమే.

ఆమె చదువు కన్నడ బడిలో ఏడో తరగతి వరకు. ఇంగ్లీషు అక్షరాలు గుర్తుపడుతుంది, కూడబలుక్కుని చదువుతుంది. కీబోర్డు ముట్టేముందు చేతులు కొంగుకు తుడుచుకునేది. తర్వాత కొంగు నడుముకు బిగించేది, కలుపు తీతకు దిగబోతున్నట్టు. ఒక్క వేలితో, మిరపనారు నాటినంత జాగ్రత్తగా, ఒక్కొక్క అక్షరం నొక్కేది. వాక్యం చివర పెట్టే సెమీకోలనుకు ఆమె పెట్టిన పేరు ‘తోకచుక్క’. తరగతిలో పిల్లలంతా ఇప్పుడు అదే అంటారు. “సార్, తోకచుక్క మరిచినా” అని ఎవరో ఒకరు అరవని ఆదివారం లేదు.

రాసినదాన్ని బోర్డులోకి పంపేటప్పుడు ఆమె తెర వైపు చూసేది కాదు. మొహం గోడకు తిప్పుకుని నిలబడేది. “అయిందా?” అని మమ్మల్ని అడిగి, అయిందంటేనే ఇటు తిరిగేది. పంపింది పని చేస్తే ముక్కులోంచి చిన్న శబ్దం చేసేది. ఆమె నవ్వు అంతే. పని చెయ్యకపోతే బండి ముందు గొంతుక్కూర్చుని, “ఇది మనం చెప్పింది చేసిందా, మనం అనుకొనింది చేసిందా?” అని అడిగేది. నేను మొదటి పాఠంలో చెప్పిన మాటే అది. యంత్రానికి మన మనసులో ఉన్నది తెలియదు, మనం రాసింది మాత్రమే తెలుస్తుంది. నేను చెప్పి మరిచిపోయాను. ఆమె దాన్ని పట్టుకుంది. చక్రాలు వెనక్కి తిరిగినా, దీపం వెలగకపోయినా ఆ ప్రశ్నే. ఒకసారి బ్యాటరీ తగిలించడం మరిచిపోయి, పొద్దంతా రాసిన వాక్యాలను అదే ప్రశ్నతో వెతికింది. చివరికి బండి తిరగేసి చూసి, “దీనికి కూడు పెట్టలే మనం” అని ఆ ముక్కుశబ్దం చేసింది.

మధ్యాహ్నం ఆమె సంచిలోంచి జొన్నరొట్టెలు, చెనిక్కాయల పొడి వచ్చేవి. పిల్లలు కింద టిఫిను బండి దగ్గర ఉగ్గాని, బజ్జీ తెచ్చుకున్నా సరే, ఆమె రొట్టె ముక్క తినకుండా ఎవరినీ లేవనిచ్చేది కాదు. “కడుపు కాలితే బుద్ధి పంజెయ్యదు” అనేది. కొత్తగా వచ్చినవాళ్ళు మొహమాటపడితే చేతిలో పెట్టి వేళ్ళు మూసేది.

ఒక అలవాటు మాత్రం మాకు చాలారోజులు అంతుపట్టలేదు. బండిని కంప్యూటరు తీగనుంచి విడదీసి నేల మీద వదిలే సమయం వస్తుంది. పిల్లలకు అదే పండగ. ఆమె మాత్రం తన బండికి ఒక దారం కట్టేది. కొస చేతికి చుట్టుకునేది. అది ఎటుపోతే అటు దారం వదులుతూ వెనకే నడిచేది. “అక్కా, అదేమన్నా కుక్కపిల్లా?” అని రేష్మా ఒకరోజు ఎగతాళి చేసింది. ఆమె దారం విప్పలేదు.

కారణం తెలిసిన రోజు ఇప్పటికీ నా కళ్ళ ముందు ఉంది. గ్యాసును పసిగట్టే చిన్న సెన్సారు గురించి చెబుతున్నాను. ఒక కుర్రాడు అడిగాడు: “అక్కా, బావిలో గ్యాసుంటే వాసన వస్తాది గదా? వాసన చూసి పైకి వచ్చేయొచ్చు గదా?”

“వాసన ల్యా నాయనా” అంది ఆమె. “నేనూ దిగినా.”

మేమంతా ఆమె వైపు తిరిగాం.

“ఇద్దరూ కింద పడినారు. పిలిస్తే పలకరు. నేను మెట్లు దిగినా. వాసన ఏమీ ల్యా, చల్లగా ఉండె, బాగనే ఉండె. కొన్ని మెట్లు దిగినాక కాళ్ళు నావి కావనిపించె. అంతే. పైన మా మరిది వంగి చెయ్యి చాపితే నా కొప్పు దొరికింది. కొప్పు పట్టుకొని లాగినాడు.”

చెప్పి, తల వంచి, పాపిట పక్కన జుట్టు వేళ్ళతో విడదీసి చూపించింది. అరచేతి వెడల్పున తోలు నున్నగా ఉంది. అక్కడ మళ్ళీ వెంట్రుకలు రాలేదు.

“మా ఇంటాయన నడుముకు తాడు కట్టుకోలే. నా తమ్ముడూ కట్టుకోలే. కట్టుకొనింటే లాగేవాళ్ళం” అంది. ఆ రోజు పాఠం అక్కడితో ఆగిపోయింది. తర్వాతి వారం రేష్మా తన బండికి కూడా దారం కట్టుకుని వచ్చింది. ఎవరూ నవ్వలేదు.

ఆమె మొదట తయారు చేసింది ఒక డబ్బా. తాడుతో బావిలోకి దించితే, లోపల చెడ్డ గాలి తగిలినప్పుడు గట్టిగా మోగాలి. ఆ వాక్యాలు తనే రాసుకుంది. ఇంత దాటితే మోగు, లేకపోతే ఊరుకో. తోకచుక్కలన్నీ సరిగ్గా ఉన్నాయి. అగరుబత్తి పొగ పెడితే డబ్బా కూసింది. ఆమె సంతోషం చూస్తూ కూడా నేను చెప్పాల్సింది చెప్పాను. “అక్కా, ఇది పిల్లలు నేర్చుకునే సెన్సారు. కొన్ని గ్యాసులే దీనికి తెలుసు. గాలే లేకపోతే, గాలి లేదని దీనికి తెలియదు. ఇది మోగలేదని ఎవరినీ దింపొద్దు.”

“సరే సార్” అంది. కానీ డబ్బాను ఒళ్ళో పెట్టుకున్న తీరు చూస్తే, ఆమె మనసు నా మాట వైపు లేదు.

ఎండాకాలం మొదట్లో ఫోను చేసింది. కాలువ నీళ్ళు ఆపేశారు, వాళ్ళ ఊళ్ళో అందరికీ బావులే దిక్కు. మరిది పొలంలోని బావిలో పంపు జారి అడుగున పడింది. “డబ్బా దించి చూస్తాం, నువ్వూ ఉంటే ధైర్యం సార్” అంది. మోక అనే ఊళ్ళో బస్సు మారి వెళ్ళాను. నేను వెళ్ళేసరికి బావి చుట్టూ మనుషులున్నారు. మరిది పంచె ఎగగట్టి నిలబడి ఉన్నాడు. ఆమె డబ్బాను మెల్లగా దించింది. అడుగు వరకు దిగింది. మోగలేదు. పైకి తీసి మళ్ళీ దించింది. మోగలేదు.

“మోగలే గదా వదినా. దిగుతాను” అన్నాడు మరిది. ఆమె నా వైపు చూసింది.

నాకు ఆ నిశ్శబ్దం నచ్చలేదు. “ఒక దీపం తెప్పించప్పా, అది కూడా దించి చూద్దాం” అన్నాను. అది అందరికీ తెలిసిన పాత పద్ధతే. ఈమధ్య ఎవరూ చెయ్యడం లేదు. ఎవరో కొవ్వొత్తి తెచ్చారు. బకెట్టులో నిలబెట్టి, వెలిగించి, దించారు. సగం దిగేవరకు బాగా వెలిగింది. ఆ తర్వాత మంట చిన్నదైంది, పసుపుపచ్చని చుక్క అయింది, ఆరిపోయింది. గాలికి ఆరిందేమో అన్నారు. పైకి లాగి వెలిగించి మళ్ళీ దించారు. అదే లోతులో ఆరిపోయింది. దాని పక్కనే వేలాడుతున్న మా డబ్బా చప్పుడు చెయ్యలేదు.

ఆ కొవ్వొత్తి దించకపోయి ఉంటే ఈపాటికి మరిది మెట్ల మీద ఉండేవాడు. మరిది మాత్రం ఇంకా, “వేగంగా దిగి పంపుకు తాడు తగిలించి వచ్చేస్తా, ఊపిరి బిగబడతా” అంటున్నాడు. ఆమె వెళ్ళి, మెట్లు మొదలయ్యే చోట, కాళ్ళు లోపలికి వేలాడేసి కూర్చుంది.

“దిగు” అంది. “నన్ను తోసి దిగు. మీయన్న దిగిన దావలోనే కూర్చుండా.”

మరిది పంచె కిందికి వదిలేసుకుని గట్టు దిగి చెట్టు కిందికి వెళ్ళిపోయాడు. మడికి నీళ్ళు లేక ఆ వారం పైరు వాడిపోయింది. పట్నం నుంచి గాలి కొట్టే సామాను ఉన్నవాళ్ళు వచ్చి తీసేవరకు పంపు బావిలోనే ఉంది.

కొవ్వొత్తి ఆరిన పూటే ఆమె డబ్బాను తాడు నుంచి విప్పి నా చేతికి ఇచ్చింది. “నువ్వు ముందే చెప్పింటివి సార్. నేనే దాన్ని నమ్మినా” అంది. “దీనికి ముక్కు వద్దు. బాగుంది అని చెప్పే మిషను ఉంటే మనిషి దిగుతాడు. దిగే పనే ల్యాకుండా చెయ్యల్ల. దీనికి చెయ్యి నేర్పించు” అంది.

నేను బస్సులో దారిపొడుగునా ఆ మాటే తలుచుకుంటూ వచ్చాను.

చెయ్యి చెయ్యడం డబ్బా చేసినంత తేలిక కాలేదు. ప్లాస్టిక్ వేళ్ళు విరిగాయి. వెల్డింగు షాపులో ఇనపకమ్మీ వంచి వేళ్ళు చేయించాం. బటను నొక్కితే తెరుచుకోవాలి, వదిలితే మూసుకోవాలి. అంత చిన్న పని. ఆమె రాసింది, పని చేసింది. ఆమె ముక్కుశబ్దం చేసింది. తర్వాత ఉన్నట్టుండి ప్లగ్గు పీకేసింది. మళ్ళీ పెట్టింది. కరెంటు వచ్చిన క్షణంలో, ఎవరూ చెప్పకుండానే, ఆ చెయ్యి ఒక్కసారి ఎగిరినట్టు తెరుచుకుని మూసుకుంది. పరీక్షకని దానికి పట్టించిన ఇటుక ఆమె పాదం పక్కన పడింది.

“ఇది మనం చెప్పలే” అంది. “కింద మనిషి ఉంటే?”

చిన్న మోటార్లు మొదలయ్యేటప్పుడు అలా ఉలిక్కిపడతాయి, అది మామూలే అన్నాను. ఆమెకు అది మామూలుగా అనిపించలేదు. “కరెంటు పోయినా, వచ్చినా, పట్టు వదలగూడదు సార్” అని పట్టుబట్టింది. వారాలు గడిచాయి. నేనూ రేష్మా కలిసి చివరికి వేళ్ళకు గట్టి స్ప్రింగు పెట్టాం. మూసుకోవడం స్ప్రింగు పని, మోటారు తెరవడానికి మాత్రమే. బరువు తగిలే కొద్దీ పట్టు ఇంకా బిగుస్తుంది. దాని పక్కన తీగ కట్టిన చిన్న కెమెరా, పైన ఫోనులో బొమ్మ కనపడేలా. వాక్యాలన్నీ ఆమె మళ్ళీ మొదటినుంచి రాసింది. ప్లగ్గు ఎన్నిసార్లు పీకి పెట్టిందో లెక్కలేదు. చెయ్యి కదలలేదు.

పరీక్ష మా బాల్కనీ నుంచే చేశాం. కింద సందులో ప్యాంట్ల మూట ఒకటి ఆటో కోసం ఎదురుచూస్తోంది. యూనిట్ యజమానిని అడిగి, ఆమె చేతిని మెల్లగా దించింది. ఫోనులో చూస్తూ బటను నొక్కింది, వదిలింది. మూట నేల వదిలి లేచింది. కింద మిషన్లు ఆపి కుట్టుపనివాళ్ళు సందులోకి వచ్చి తలెత్తి చూస్తున్నారు. “ఏయ్, మూట నాది, మీ ఇంటికి తీస్కపోతారేమప్పా” అన్నాడు యజమాని. ఆమె మూటను బాల్కనీ వరకు లాగి, ముడి మీద చెయ్యి వేసి, ఈసారి పళ్ళు కనపడేలా నవ్వింది. అలా నవ్వగా చూడటం నాకు అదే మొదలు. ఆ సాయంత్రమే ఇనప చెయ్యిని గోనెసంచిలో చుట్టుకుని బస్సెక్కింది.

తర్వాత వచ్చినది ఆ ఫోనే.

కర్మాంతరం కాకముందే నేనూ రేష్మా హచ్చొళ్ళి వెళ్ళాం. ఇంట్లో దీపం వెలుగుతోంది. ఆమె అత్త గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. ముసలామె మమ్మల్ని చూసి, “నా కొడుకును పోగొట్టుకున్నప్పుడు కూడా నేను ఇట్ల కూలిపోలే” అంది. కోడలు ఆదివారం పూట బస్సెక్కి పోతుంటే తిట్టిన తిట్లన్నీ తనే చెప్పుకుంది.

అప్పుడు వాకిట్లో మోటారుసైకిలు ఆగింది. పక్క ఊరి రైతు. గడప బయటే నిలబడ్డాడు. బావిలో పంపు పడింది, కొడుకు తాడు కట్టుకుని దిగుతానంటున్నాడు, ఆయమ్మ చేసిన చెయ్యి ఈడ ఉండాదంట, అన్నాడు. ఇంట్లో సంగతి అతనికి లోపల వెలుగుతున్న దీపం చూశాకే తెలిసింది. “తప్పు, తప్పు” అని వెనక్కి తిరగబోయాడు. ఇంట్లోవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. చావు ఇంట్లోంచి వస్తువు బయటికి పోవచ్చా అని ఎవరో గొణిగారు.

“సూతకం మనిషికి” అంది ముసలామె. “ఇనుముకు ల్యా. తీసుకపోండి, ఆ పిల్లోడు దిగకముందే.”

మరిది లోపలికి వెళ్ళి గోనెసంచి భుజాన వేసుకుని వచ్చాడు. అది నడపడానికి నేను రావాలి కాబోలనుకుని లేచాను. “నాకు వస్తాది సార్. వదిన పోయేముందర వారమంతా కూర్చోబెట్టి నేర్పిచ్చె. ప్లగ్గు పీకి పెట్టి, పీకి పెట్టి, నా ప్రాణం తీసింది” అన్నాడు. ఆ మాట అనేసి మొహం పక్కకు తిప్పుకున్నాడు.

అయినా మేము వెంట వెళ్ళాం. ఆ బావి గట్టు మీద ఇరవై ఏళ్ళ కుర్రాడు చొక్కా విప్పి, నడుముకు తాడు బిగించుకుని, మెట్ల వైపు తిరిగి నిలబడి ఉన్నాడు. మరిది వాణ్ణి పక్కకు జరగమన్నాడు. సంచి విప్పి, తీగలు తగిలించి, చెయ్యిని తాడుతో దించాడు. నేను ఫోను పట్టుకున్నాను. రేష్మా పక్కనుంచి తెర మీదికి వంగింది. అడుగున, కొద్దిపాటి నీళ్ళలో, పంపు మీది ఇనప కడియం కనపడింది. మొదటిసారి చెయ్యి జారింది. రెండోసారీ జారింది. మరిది గట్టుకు మోకాళ్ళానించి, పెదాలు కదుపుతూ ఏదో అనుకుంటూ, మూడోసారి దించి బటను వదిలాడు. తాడు బిగిసింది.

అయిదారుగురు కలిసి లాగారు. పంపు నీళ్ళు కారుస్తూ గట్టు మీదికి వచ్చింది. ఆ కుర్రాడు పంపు వైపు చూశాడు, బావిలోకి చూశాడు. తర్వాత మెల్లగా వంగి, నడుముకు కట్టుకున్న తాడు ముడి విప్పుకోసాగాడు.